రాత్రి రెండు గంటలకు ఫోన్ ఎత్తేది ఎవరు?

ప్రశ్న: నా వయసు 28. మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రం వైపున్న ఊరు. ఐదేళ్లుగా చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేసుకునే వీలుంది. నాన్నగారికి మూడెకరాల్లో రెండు వనామి రొయ్యల గుంటలున్నాయి. నిరుడు ఒక గుంటలో ఆక్సిజన్ పడిపోయి తెల్లవారేసరికి చాలా సరుకు చచ్చిపోయింది. నీటిలో సెన్సార్ పెట్టి, ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోన్‌కు హెచ్చరిక పంపి, రోజూ మేత ఎంత వేయాలో కూడా చెప్పే యాప్ తయారుచేసి ఒక స్టార్టప్ పెట్టాలని అప్పటి నుంచి అనుకుంటున్నాను. నా దగ్గర 4 లక్షల రూపాయలున్నాయి. తెలిసిన డెవలపర్ ఒకరు సెన్సార్‌తో కలిపి 3.5 లక్షలకు చేసిస్తానంటున్నారు. చుట్టుపక్కల ఇరవై మంది రైతులను అడిగితే అందరూ బాగుందన్నారు. డబ్బు ఇచ్చేయమంటారా? చాలకపోతే ముద్ర రుణం తీసుకోవచ్చా? ఉద్యోగం మానేస్తానంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, విడవలూరు మండలం

సమాధానం: డెవలపర్‌కు డబ్బు ఇవ్వడం, రుణం తీసుకోవడం, ఉద్యోగం మానడం, ఈ మూడూ ఈ పంటకాలానికి వద్దనే చెబుతాను. ఆలోచన మాత్రం వదులుకోవద్దు. 4 లక్షల్లో 3.5 లక్షలు ఒకే వస్తువు మీద పెడితే మీకు దక్కేది ఒకే ఒక్క ప్రయత్నం. అది తప్పిందని తెలిసిన రోజున, ఎందుకు తప్పిందో తెలుసుకుని రెండోసారి మరోలా చేసి చూడడానికి చేతిలో పైకం ఉండదు. తక్కువ డబ్బుతో వ్యాపారం మొదలుపెట్టేవాడు ఆ డబ్బుతో ముందుగా సమాధానాలు కొనుక్కోవాలి, వస్తువు తర్వాత తయారుచేసుకోవచ్చు. ఏ ప్రశ్నకు 'లేదు' అనే జవాబు వస్తే మొత్తం ఆలోచనే కూలిపోతుందో, ఆ ప్రశ్ననే అన్నిటికంటే ముందు, అన్నిటికంటే చవకగా పరీక్షించాలి. మీ విషయంలో ఆ ప్రశ్న సెన్సార్ పనిచేస్తుందా అన్నది కానే కాదు, ఎందుకంటే సెన్సార్లు పనిచేస్తాయని లోకానికి ఎప్పుడో తెలుసు. హెచ్చరిక అందిన మనిషి లేచి ఏదైనా చేస్తాడా, చేస్తే అందుకు మీకు డబ్బు ఇస్తాడా అన్నదే తేలవలసిన సంగతి.

ముందుగా ఆ ఇరవై మంది మాట చూద్దాం. మన వైపు రొయ్య రైతు, తెలిసినవారి పిల్లవాడు ఇంటికొచ్చి ఒక కొత్త ఆలోచన చెబితే నిరుత్సాహపరచడు. "బాగుండాదబ్బయా, చెయ్" అంటాడు. అందులో ఆశీర్వాదం ఉంది గానీ ఆర్డరు లేదు. మళ్లీ అదే ఇరవై మంది దగ్గరకు వెళ్లండి. ఈసారి యాప్ ప్రస్తావన అసలు తేకుండా పోయిన పంట గురించి మాత్రమే అడగండి. నష్టం ఎక్కడ వచ్చింది, ఆ రాత్రి ఏం జరిగింది, మొదట ఎవరికి ఫోన్ చేశారు, ఆ నెలలో గుంట మీద దేనికి ఎంత ఖర్చయింది, ఆ ఖర్చులో ఏది దండగ అనిపించింది అని అడిగి, వారు చెప్పినది చెప్పినట్టు నోటుపుస్తకంలో రాసుకోండి. భవిష్యత్తు గురించి అడిగితే మనుషులు మర్యాదగా మాట్లాడతారు, జరిగిపోయినదాని గురించి అడిగితే నిజం చెబుతారు. చాలామంది తమ నష్టానికి కారణం ఆక్సిజన్ అని చెప్పకపోవచ్చు. వైట్ స్పాట్ వైరస్ తెగులు అనవచ్చు, గుంటలో వేసిన సీడ్ (రొయ్య పిల్లలు) బాగాలేదనవచ్చు, లేదా 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు పడిపోయిన కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి కట్టే ధర) అనవచ్చు. అలా తేలితే మీ హెచ్చరిక రైతు దృష్టిలో పెద్ద సమస్యకు మందు కాదని మీకు పైసా ఖర్చు లేకుండా తెలిసినట్టే.

మీ ఇంట్లో జరిగిన నష్టం గురించి కూడా ఒక మాట. ఆ రాత్రి ఆక్సిజన్ తగ్గుతున్నదని ఎవరికీ తెలియక సరుకు పోయిందా, తెలిసీ ఏమీ చేయలేక పోయిందా అన్నది మీరు రాయలేదు. కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ కాక, డీజిల్ తేవడానికి మనిషి లేక పోయి ఉంటే, మీ సెన్సార్ ఆ నష్టాన్ని ఆపి ఉండేది కాదు, మీకు కొంచెం ముందుగా తెలిపి ఉండేదంతే. నాన్నగారిని, ఆ రాత్రి గట్టు మీద ఉన్న మనిషిని విడివిడిగా కూర్చోబెట్టి గంట గంటకూ ఏం జరిగిందో అడగండి. ఇద్దరి కథలూ ఒకటిగా ఉండవు. ఆ తేడా ఉన్నచోటే మీకు పని దొరుకుతుంది.

ఇక పోటీ సంగతి. యాప్ పెట్టాలనుకునేవారు మరో యాప్‌నే పోటీగా చూస్తారు. మీకు అసలు పోటీ బైకు మీద వచ్చే మేత కంపెనీ టెక్నీషియన్. అతను నీటిలో కొంచెం మేత పెట్టి ఉంచే చెక్ ట్రే పైకి లాగి మిగిలిన మేత చూస్తాడు, విసురు వల వేయించి రొయ్యల సగటు బరువు లెక్క కడతాడు, రేపటి నుంచి ఎన్ని కిలోలు వేయాలో కాగితం మీద రాసిచ్చి వెళతాడు. రైతు జేబులోంచి రూపాయి కదలదు, ఎందుకంటే అతని జీతం మేత బస్తా ధరలోనే ఇమిడి ఉంటుంది. పైగా ఆ మేత, రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజు దాకా డీలర్ అప్పు మీద ఇచ్చింది. మీ యాప్ ఒకటి చెప్పి, డీలర్ మనిషి మరొకటి చెబితే రైతు ఎవరి మాట వింటాడో మీకే తెలుసు. ఇక ఉచిత యాప్‌లకు కూడా కొరత లేదు. చెన్నైలో ఉన్న కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ, అంటే సీబా, వనామి రైతుల కోసం ఒక మొబైల్ యాప్‌ను ఎప్పుడో విడుదల చేసింది. నీటిలో తేలే సెన్సార్ల విషయానికొస్తే, విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ ఆ పనే చేసింది, తర్వాత అందులో న్యూట్రెకో అనే అంతర్జాతీయ మేత సంస్థ పెట్టుబడి పెట్టింది. గుంటలోని సమాచారానికి చిన్న రైతు కంటే మేత అమ్మేవాడే ఎక్కువ ధర కడతాడని దీన్నిబట్టి నా అంచనా. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. పెద్ద సంస్థలు చేరలేని చోటు, చేయడానికి ఇష్టపడని పని ఏదో వెతుక్కోవాలని చెబుతున్నాను.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు వ్యాపారాలు ఒకే పేరు కింద ఉన్నాయి, వాటిని విడదీయండి. మేత సలహా ఒకటి, ఆక్సిజన్ హెచ్చరిక మరొకటి. మేత సలహా వినడానికి ఆకర్షణీయంగా ఉంటుంది, ఎందుకంటే సాగు ఖర్చులో సుమారు సగం, చాలాచోట్ల అంతకు మించి, మేతదే. లెక్క వేసి చూడండి. ఒక గుంటలో 2 టన్నుల పట్టుబడి వస్తుందనుకుందాం. కిలో రొయ్యకు 1.5 కిలోల మేత పడుతున్నచోట మీ సలహాతో 1.4 కిలోలకు తగ్గిందనుకుందాం. 200 కిలోల మేత మిగిలింది. కిలో 90 రూపాయలు అనుకుంటే 18 వేలు. ఇది నాలుగు నెలల పంటకు, అదీ అంతా సవ్యంగా జరిగితే. అందులో నాలుగో వంతు రైతు మీకిచ్చినా గుంటకు నెలకు వచ్చేది సుమారు పదకొండు వందలే. ఆ పదకొండు వందల్లోనే మీ పెట్రోలు, సెన్సార్ అరుగుదల, మీ శ్రమ అన్నీ సర్దుకోవాలి. ఉప్పునీటిలో సెన్సార్ ముక్కుకు పాచి పడుతుంది, దాన్ని తరచూ తుడవాలి, సరిచూడాలి. అంటే మీరు ఎలాగూ గుంట దగ్గరకు వెళ్లక తప్పదు. మీరు యాప్ వ్యాపారం అనుకుంటున్నది నిజానికి మనిషి తిరిగే సేవ, దానికి యాప్ ఒక పనిముట్టు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది.

మేత సలహాకు మరో ఇబ్బంది ఉంది. మిగులు మీ వల్లే వచ్చిందని నిరూపించడం కష్టం. ఒకే హేచరీ సీడ్, ఒకే రోజు వేసిన పక్కపక్క గుంటలు రెండు తీసుకుని, ఒకదానికి మీ సలహా ఇచ్చి, రెండోదాన్ని రైతు అలవాటుకు వదిలేసి పోల్చాలి. మీ నాన్నగారి రెండు గుంటలు ఇందుకు పనికొస్తాయి. అయినా ఒక్క జతలో కనిపించిన తేడా అదృష్టం వల్ల వచ్చిందో సలహా వల్ల వచ్చిందో చెప్పలేం, ఫలితం తేలడానికి నూరు నుంచి నూట ఇరవై రోజులు పడుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానులు ఉన్న నెలల్లో మన తీరాన చాలామంది గుంటలు ఎండబెట్టుకుంటారు కనుక ఏడాదికి మీకు రెండు అవకాశాలకు మించి రావు. ఆక్సిజన్ విషయంలో అయితే ప్రతి తెల్లవారుజామున ఒక ఫలితం వస్తుంది. చిన్న పెట్టుబడితో ప్రయోగాలు చేసేవాడు జవాబు త్వరగా వచ్చే ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. అందువల్ల మేత సలహాను నాన్నగారి గుంటలకే పరిమితం చేసి, బయట ఆక్సిజన్ ఒక్కటే పట్టుకోండి.

దానికి సెన్సార్ ఎందుకు అవసరం లేదో చెబుతాను. పగలు పచ్చనీటిలోని సూక్ష్మమైన నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దు కుంకాక నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి, అందుకే సూర్యోదయానికి ముందు మట్టం అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఇది మీ నాన్నగారికి మీకంటే బాగా తెలుసు. చెరువుల శాస్త్రంలో చాలాకాలంగా ఉన్న ఒక సులువైన పద్ధతి ప్రకారం, పొద్దు కుంకే వేళ ఒకసారి, రెండు మూడు గంటల తర్వాత మరోసారి ఆక్సిజన్ కొలిచి, ఆ రెండు అంకెలనూ గ్రాఫు కాగితం మీద గుర్తించి, వాటిని కలిపే గీతను తెల్లవారే దాకా పొడిగిస్తే, తెల్లవారుజామున మట్టం ఎంతకు దిగుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటే ఈ గీత తప్పుతుంది, రొయ్యలు పెరిగి ఏరియేటర్లు రాత్రంతా నడిచే దశలో దీని ఉపయోగం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో, ఎన్నో రోజు వరకు నమ్మవచ్చో తేల్చుకోవడం మీ మొదటి పరిశోధన అవుతుంది. ఆ గీత 4 పీపీఎం (లీటరు నీటికి 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్) కిందికి దిగేటట్టుంటే రాత్రి తొమ్మిది గంటలకే, అందరూ మెలకువగా ఉన్నప్పుడే, రైతుకు ఫోన్ చేసి చెప్పవచ్చు. ఇందుకు కావలసింది చేత్తో పట్టుకుని కొలిచే ఆక్సిజన్ మీటరు ఒకటి, గ్రాఫు పుస్తకం, బైకు.

ఇక్కడే అసలు ప్రయోగం. బంధువులు కాని రైతుల గుంటలు ఐదారు ఎంచుకోండి. బంధువులు మీ మొహం చూసి లేస్తారు, అది లెక్కలోకి రాదు. కొన్ని రాత్రులు మీరో, మీరు కూలి ఇచ్చి పెట్టుకున్న కుర్రవాడో గట్టు మీద ఉండి సాయంత్రం, రాత్రి, మళ్లీ రెండు గంటలకు, నాలుగు గంటలకు కొలవండి. మట్టం తగ్గినప్పుడు రైతు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయండి. ఫోన్ ఎవరు ఎత్తారు, ఎన్నోసారికి ఎత్తారు, ఏరియేటర్ తిరగడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, తిరగకపోతే కారణమేమిటి, ఇవన్నీ ఒక వరుసలో రాయండి. ఆ పట్టికే మీ స్టార్టప్‌కు మొదటి ఆస్తి. రైతు ఊళ్లో ఇంట్లో పడుకుని ఉంటాడు. గుంట దగ్గర షెడ్డులో ఉండేది కాపలా మనిషి. అతని దగ్గర బటన్ల ఫోనే ఉండవచ్చు, అందులో యాప్ ఉండదు. స్మార్ట్‌ఫోన్ ఉన్నా రాత్రి రెండు గంటలకు వచ్చే నోటిఫికేషన్ శబ్దానికి ఎవరూ లేవరు. మూడుసార్లు మోగే ఫోనుకు లేస్తాడేమో. లేచాక స్టార్టర్ దాకా వెళ్లాలి, కరెంటు ఉండాలి, లేకపోతే జనరేటర్‌లో డీజిల్ ఉండాలి. ఇందులో ఏ మెట్టు దగ్గర పని ఆగిపోతోందో తెలిస్తే, మీరు తయారుచేయవలసింది యాపా, ఆటోమేటిక్ స్టార్టరా, లేక కాపలా మనిషికి సాయంత్రమే చెప్పే ఒక్క మాటా అన్నది తేలుతుంది. మీరు స్వయంగా ఫోన్ చేసి పేరు పెట్టి పిలిచినా కదలని మనిషి యంత్రం పిలిస్తే కదులుతాడని ఆశించకండి.

ఈ తిరుగుడులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక గుంటలో ముంచిన మీటరును, తాడును, బురద కాళ్లను మరో గుంటలోకి తీసుకెళితే వైట్ స్పాట్ వైరస్‌ను మీరే మోసినట్టవుతుంది. ప్రతి గుంటకూ వేరే తాడు, వేరే సీసా ఉంచండి. మీటరు కొనను ఒక గుంట నుంచి మరో గుంటకు వెళ్లేముందు మంచినీటితో కడిగి, క్రిమిసంహారక ద్రావణంతో శుభ్రం చేయండి. ఏ ద్రావణం ఆ మీటరును పాడుచేయదో కొన్నచోటే అడిగి తెలుసుకోండి. జబ్బు అనుమానం ఉన్న గుంటను ఆ రోజు జాబితాలో చివరికి కూడా పెట్టవద్దు, పూర్తిగా వదిలేయండి. ఒక్క గుంటకు మీ వల్ల తెగులు వచ్చిందన్న మాట ఊళ్లో పుడితే, అది నిజం కాకపోయినా, మీ వ్యాపారంతో పాటు మీ నాన్నగారి పేరు కూడా పోతుంది.

డబ్బు అడగడం ఎప్పుడు? మొదటి వారం నుంచే. ముందు ఉచితంగా అలవాటు చేసి తర్వాత అడుగుదామనుకుంటే మీకు తెలిసేది ఉచితమైతే తీసుకుంటారని మాత్రమే, అది ముందే తెలుసు. గుంటకు వారానికి రెండు వందలు, ముందుగా, అని చెప్పండి. కొందరు ఇస్తారు, కొందరు నవ్వుతారు, ఎక్కువమంది "పట్టుబడికి చూసుకుందాం లే" అంటారు. ఆ మూడో జవాబు కూడా సమాచారమే. రొయ్య రైతు మేత, మందు, కూలి అన్నిటికీ పట్టుబడి రోజునే లెక్క చూస్తాడు, మీరు మాత్రం వారం వారం అడుగుతున్నారు. అందుకే సగం మందిని వారపు పద్ధతిలో, సగం మందిని పట్టుబడికి కిలోకు ఇంత అనే పద్ధతిలో పెట్టి చూడండి. రెండో పద్ధతే నడుస్తుందని తేలితే, నాలుగు నెలలు మీ ఖర్చు మీరే భరించాలి, పంట పోయిన గుంట నుంచి ఏమీ రాదని కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. మొదటి వారం ఎవరు ఇచ్చారన్నది పట్టించుకోకండి. మూడో వారం మీరు గుర్తుచేయకుండానే ఎవరు ఇచ్చారో చూడండి.

నా అనుమానం, ఇచ్చేవారు మీరు అనుకున్నవారు కాకపోవచ్చు. గట్టు మీదే మంచం వేసుకుని పడుకునే రెండెకరాల రైతుకు మీ అవసరం తక్కువ. అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు ముప్పై, నలభై ఎకరాలు లీజుకు తీసుకుని, తాను నెల్లూరులో ఉంటూ కూలివాళ్ల మీద సాగు నడిపే మనిషికి రాత్రిపూట తన గుంటల దగ్గర ఏం జరుగుతోందో చెప్పేవారు కావాలి. అతను కొనేది ఆక్సిజన్ అంకెను కాదు, కాపలా మనిషి రాత్రి లేచాడా లేదా అన్న కబురును. అటువంటి ఇద్దరిని మీ ఐదారుగురిలో తప్పక చేర్చండి. వేర్వేరు వయసున్న గుంటలను తీసుకోవడం కూడా మరవకండి. సీడ్ వేసి నెలైనది, రెండు నెలలైనది, పట్టుబడికి దగ్గరగా ఉన్నది కలిపి తీసుకుంటే, ఒక పంటలో మూడు దశల్లోనూ వచ్చే సమస్యలు మీకు కొన్ని వారాల్లోనే కనిపిస్తాయి.

చేత్తో చేసి చూడడం చిన్నతనమనుకోవద్దు. 2006లో బెంగళూరులో ఫణీంద్ర సామ, ఆయన మిత్రులు రెడ్‌బస్ మొదలుపెట్టినప్పుడు బస్సు యజమానుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసుకుని వెళ్లారు. యజమానులకు అది అక్కరలేకపోయింది. వాళ్లకు కావలసింది సీట్లు నిండడం. అప్పుడు వీరు కొద్ది సీట్లు తీసుకుని టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు, వ్యాపారం అక్కడి నుంచి పెరిగింది, 2013లో ఇబిబో సంస్థ దాన్ని కొనుక్కుంది. ఆ సాఫ్ట్‌వేర్ మీదే ఉన్న డబ్బంతా పెట్టేసి ఉంటే టికెట్లు అమ్మి చూసే ఓపిక వారికి ఎంతవరకు మిగిలేదో చెప్పలేను.

తిరుగుతున్న కొద్దీ మీకు ఒక సులువైన ఆదాయం ఎదురవుతుంది. ప్రోబయోటిక్, ఖనిజ మిశ్రమాలు అమ్మే దుకాణదారు మీ దగ్గరున్న రైతుల జాబితా చూసి కమీషన్ ఇస్తానంటాడు. ఆ రోజు నుంచి మీరు ఇంకొక డీలర్ అవుతారు, మీ హెచ్చరికలో మందు అమ్మకం ఉందన్న అనుమానం రైతుకు కలుగుతుంది. నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడి ఎగుమతి సరుకు వెనక్కి వచ్చిన ఉదంతాలు మీకు తెలిసినవే. ఆ దారి పట్టవద్దని నా గట్టి సలహా, తొలి ఏడాది అయితే మరీ.

ఇప్పుడు డబ్బు లెక్క. 4 లక్షల్లో 2 లక్షలు ఇంటి కోసం వేరే ఖాతాలో వేసి, అవి లేవనుకోండి. తొలి మూడు నెలల ప్రయోగాలకు 60 వేలు మించవద్దు. అందులో పెద్ద ఖర్చు మీటరు, ఆ తర్వాత కుర్రవాడి జీతం, పెట్రోలు. లెక్కలన్నీ గూగుల్ షీట్‌లో, రైతులకు కబురు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో, అత్యవసరమైతే ఫోన్‌లో. మిగిలినది రెండో దశకు. ఆ డెవలపర్‌తో సంబంధం తెంచుకోవద్దు. ప్రయోగంలో ఏ ఒక్క పని మీ చేతులకు అందనంత ఎక్కువైందో, ఆ ఒక్క పనికి మాత్రమే అప్పుడు ధర అడగండి, అది అతను ఇప్పుడు చెప్పిన దానిలో చిన్న భాగమై ఉంటుంది. పేరు, లోగో, విజిటింగ్ కార్డు గురించి నేను ఏమీ చెప్పను, అవి ఎవరూ చెప్పకపోయినా చేయించుకుంటారు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కూడా ఇప్పుడే వద్దు. ఆదాయం లేకపోయినా ఏటా ఆడిట్, రిటర్నుల ఖర్చు తప్పదు. పైగా ప్రభుత్వ ప్రోత్సాహకాల్లో గడువు చాలాసార్లు కంపెనీ పుట్టిన తేదీ నుంచే మొదలవుతుంది. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో దరఖాస్తు నాటికి సంస్థ వయసు రెండేళ్లు మించకూడదని నిబంధన పెట్టారు. ప్రయోగాలు చేసుకునే కాలాన్ని ఆ రెండేళ్లలో ఎందుకు పోగొట్టుకోవాలి? ప్రస్తుతానికి ఆధార్, పాన్‌లతో ఉచితంగా జరిగే, చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు చాలు. ముద్ర రుణంలో శిశు విభాగం 50 వేల వరకు, ఆ పైన కిశోర్, తరుణ్ విభాగాలున్నాయి. రుణం చెడ్డదని కాదు. గుంటకు ఎంత వస్తుందో తెలిశాక, గుంటల సంఖ్య పెంచడానికి తీసుకోవచ్చు. ఎంత వస్తుందో తెలియక ముందే తీసుకుంటే వాయిదా మాత్రం నెల తిరగ్గానే వస్తుంది, ఆ ఇంట్లోనే నాన్నగారి మేత బాకీ కూడా ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఆగవలసిన గీత రాసుకోండి. ఉదాహరణకు, పన్నెండు గుంటలు చేరిన తర్వాత ఎనిమిదో వారానికి కనీసం ఐదు గుంటల నుంచి అడగకుండా డబ్బు రాకపోతే ఆక్సిజన్ హెచ్చరిక ఆపేస్తాను, 60 వేలు దాటితే కూడా ఆపేస్తాను అని. అంకెలు మీ ఇష్టం, కానీ అవి ప్రయోగానికి ముందే రాయాలి. ఫలితం చూసిన తర్వాత రాసే అంకె ఎప్పుడూ ఫలితానికి అనుకూలంగానే ఉంటుంది. ఆ కాగితం అమ్మగారికి చూపించండి. ఆవిడ భయపడుతున్నది వ్యాపారానికి కాకపోవచ్చు, అది ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పకపోవడానికి కావచ్చు. ఉద్యోగం సంగతికొస్తే, ఈ ప్రయోగానికి ఇంటి నుంచి పనిచేసే ఆ మూడు రోజుల సాయంత్రాలు, రాత్రులు ప్రస్తుతానికి చాలు. వసూలైన డబ్బులోంచి కుర్రవాడి జీతం, పెట్రోలు రెండు పంటల పాటు వెళ్లి, మీకు పరిచయం లేని రైతు వేరే మండలం నుంచి తానే ఫోన్ చేసిన తర్వాత రాజీనామా గురించి మళ్లీ రాయండి.

ఈలోగా పది రాత్రుల పట్టిక చేతికి రాగానే ముత్తుకూరులోని మత్స్య విజ్ఞాన కళాశాలకు వెళ్లి, అక్కడి అధ్యాపకులకు మీ గ్రాఫులు చూపించి, ఏరియేటర్ తిరిగే గుంటలో మీ గీత ఎక్కడ తప్పుతోందో అడగండి. చదువు చివరి దశలో ఉన్న విద్యార్థి ఎవరైనా ప్రాజెక్టు పనిగా మీతో కలుస్తారేమో కనుక్కోండి. ఆలోచన వివరించే స్లైడ్లు తీసుకెళ్లనక్కరలేదు, ఆ పట్టిక ఒక్కటే తీసుకెళ్లండి.